ఆషాఢంలో విన్న కప్పలు

జూన్ 8, ఆదివారం

ప్రాజెక్టు పుస్తకంలో తేదీ, సమయం, లెక్క తప్ప ఇంకేమీ రాయకూడదని రాజ్యలక్ష్మి మేడమ్ చెప్పారు. మిగిలిన మాటలు ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే ఈ డైరీ.

డిగ్రీ చివరి ఏడాది జువాలజీ ప్రాజెక్టుకి నా వంతుకి కప్పల పిలుపులు వచ్చాయి. సీతాకోకచిలుకలు దక్కిన సాయిశ్రీ, "కప్పల పెళ్ళికి మమ్మల్ని పిలవడం మర్చిపోకే నాగవేణీ" అంది. క్లాసంతా నవ్వారు. నవ్వనీ. ఇది ఉత్త ప్రాజెక్టు కాదు. కంకిపాడు దాటాక పంటకాలువ పక్కన ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని గోడ వెనక నీటిగుంట, గుంట అవతల ఇశ్రాయేలు గారు కౌలుకి చేసే రెండెకరాల వరి. హాలు లైట్లకీ, డీజేకీ గుంటలో కప్పలు అరవడం మానేశాయనీ, పొలంలో పురుగు పెరిగిందనీ, గోడ పక్క అర ఎకరం కిందటేడు ఈననే లేదనీ ఆయన అర్జీ పెట్టారు. లైట్లు పొలం వైపు తిప్పొద్దు, చీకటి పడ్డాక డీజే వద్దు. ఆయన అడిగేది ఇంతే. కప్పల సంగతి తేల్చి చెప్పమని పంచాయితీ ఆఫీసు నుంచి మా కాలేజీకి ఉత్తరం వచ్చింది. తేల్చేది నేను.

ఇవాళ నాన్న స్కూటరు మీద దింపారు. హాల్లో పెళ్ళి. ఏడు నుంచి ఎనిమిది దాకా ఫోను గుంట వైపు పెట్టి కూర్చున్నాను. పాటల మోత తప్ప ఒక్క కప్ప వినపడలేదు. ఇశ్రాయేలు గారు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసి, "ఇయ్యాల్టికి ఇంతేనమ్మా, పెళ్ళుంది కదా" అన్నారు.

ప్రాజెక్టు పుస్తకంలో రాసింది: రికార్డింగ్ పాడైంది. లెక్కలోకి తీసుకోలేదు.

కొత్త మాట ఒకటి దొరికింది. వరి పొట్ట నుంచి కంకి బయటికి రావడాన్ని ఈనడం అంటారు. రాత్రి చీకటి లేకపోతే వరి ఈనదట. గేదె ఈనడమూ వరి ఈనడమూ ఒకటే మాట. ఇన్నాళ్ళూ ఇది తెలియకుండా అన్నం తిన్నాను.

జూన్ 13, శుక్రవారం

మా ఇంట్లో పంచాంగం ఎవరూ చూడరు. నాన్న ఎన్నింటికి ఇంటికొస్తే అదే పంచాంగం. వన్ టౌన్‌లో మాది పెళ్ళిబట్టల కొట్టు. మా తాత నేసిన మధుపర్కాలు అమ్మడానికి పెట్టిన కొట్టు అది. తాత పోయాక మగ్గం పోయింది, కొట్టు మిగిలింది. ముహూర్తాలు ఉంటే నాన్న పదింటికి గానీ రారు. ఇప్పుడు మూఢం పెట్టింది, అది వదిలేలోపే ఆషాఢం. ఆరింటికల్లా ఇంట్లో ఉండి టీవీని తిడుతున్నారు.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. పద, నీ కప్పల దగ్గరికి పోదాం" అన్నారు. ఎంత అదృష్టమో. నాన్నకి ఇంత తీరిక ఎప్పుడూ ఉండదు.

హాలు మేనేజరు కిరణ్‌కుమార్ గారు కూడా ఫోను చేశారు. తన మీద అర్జీ పెట్టిన వ్యవహారమైనా ఎంత మర్యాదగా మాట్లాడారో. "ఈ నెలన్నరా హాలు ఖాళీనే కదండీ. వాచ్‌మన్‌కి చెప్తాను, ఎప్పుడొచ్చినా గేటు తీస్తాడు. సీజన్ మొదలైతే మాకు కుదరదు, ఈలోపే కానిచ్చేసుకోండి" అన్నారు. చదువంటే గౌరవం ఉన్నవాళ్ళు ఇలాగే ఉంటారు.

జూన్ 19, గురువారం

వాన. విన్నాను.

మొదట ఒకటే. ఎక్కడో గట్టు కింద, దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు. దానికి ఇంకోటి బదులు. ఆ తర్వాత నీళ్ళ మధ్య నుంచి బోదురు కప్ప, ఎవరో బరువైన బీరువా జరిపినట్టు. ఐదు నిమిషాల్లో గుంటంతా. ఎన్ని గొంతులో లెక్కపెట్టబోయి నలభై దగ్గర ఓడిపోయాను. నాన్న స్కూటరు మీద కూర్చున్నవారు ఫోను జేబులో పెట్టేసి విన్నారు.

మేడమ్ చెప్పిన పాఠం ఇప్పుడు అర్థమైంది. పిలిచేది మగకప్ప. ఆడకప్ప చీకట్లో ఆ గొంతు పోల్చుకుని వస్తుంది. వినపడకపోతే రాదు. ఆ గుంటలో ఒక్కో గొంతు వెనకా ఒక ఎదురుచూపు ఉంది.

ఎదురుచూపు. మంచి మాట.

జూన్ 20, శుక్రవారం

క్లాసులో దువ్వెన గీరి వినిపించాను. వెనక బెంచీ నుంచి ఇంకో దువ్వెన బదులు పలికింది.

జూలై 2, బుధవారం

పన్నెండోసారి వెళ్ళాం. ఆ వాన రోజు నుంచి ప్రతిసారీ నలభైకి తక్కువ లేవు. హాలు గేటు దగ్గర ఒక్క బల్బు. గుంట మీద మంచి చీకటి.

నాన్నా, ఇశ్రాయేలు గారూ స్నేహితులైపోయారు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒకరి పని ఒకరికి చెప్పుకుంటారు. ఆషాఢం తనకి సెలవులని నాన్న అంటే, ఆషాఢమే మాకు అసలు పని అని ఆయన నవ్వారు. నారు అందుకొచ్చింది, వచ్చే వారం నాట్లు.

వచ్చేసేటప్పుడు ఇశ్రాయేలు గారు, "పెళ్ళిళ్ళప్పుడు కూడా వస్తావుగా అమ్మా?" అని అడిగారు. వస్తాను బాబాయ్ అన్నాను.

జూలై 15, మంగళవారం

రిపోర్టు రాశాను. ఆఫీసు వాళ్ళు తెలుగులో కావాలన్నారు. అది నా అదృష్టం. పట్టికలు, పటాలు అన్నీ అయ్యాక చివర ఒక పేరా మిగిలింది. మూడు గంటలు కూర్చున్నాను. ఎనిమిదిసార్లు కొట్టేసి ఇది రాశాను:

"పెళ్ళిపందిరి గోడకి అవతలే ఈ గుంట ఉంది. మనిషి తన పండగ చేసుకుంటూ ఉండగా, దీపాలకీ వాద్యాలకీ బెదరక, ఈ కప్పలు తమ పండగ తాము చేసుకుంటున్నాయి."

మేడమ్ రెండుసార్లు చదివి, "సైన్సు వాళ్ళలో ఇంత తెలుగు ఎవరికొస్తుందే" అన్నారు. తన పేరు కింద నా పేరు పెట్టి సంతకం చేశారు. నడిచి వస్తున్నంతసేపూ ఆ వాక్యమే లోపల చదువుకున్నాను. బెదరక. ఎంత చిన్న మాట, ఎంత బాగా కుదిరింది.

జూలై 16, బుధవారం

ఇరవైసార్లు వెళ్తే ఒక్కరోజు రికార్డింగ్ పాడవడం ఏమంత విషయం కాదు. ఫోన్లో చోటు లేక ఆ జూన్ 8ది తీసేశాను కూడా.

జూలై 19, శనివారం

రిపోర్టు ఆఫీసుకి వెళ్ళింది. కిరణ్‌కుమార్ గారు మేడమ్‌కి బందరు లడ్డు డబ్బా పంపారు. నాకు రెండొచ్చాయి. నాన్నకి ఒకటి ఇచ్చాను.

జూలై 26, శనివారం

శ్రావణం వచ్చేసింది. నాన్నకి అన్నం తినే తీరిక లేదు. నేనే బస్సెక్కి వెళ్ళాను, మాట ఇచ్చాను కాబట్టి. లెక్క కోసం కాదు, లెక్క అయిపోయింది.

హాలు గోడ మీద ఎనిమిది పెద్ద లైట్లు. నాలుగు లోపలికి, నాలుగు బయటికి. గుంట మీద నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. ఆ వెలుతురులో పొలంలో నాటిన మొక్క మొక్కకీ నీడ పడింది. డీజే దెబ్బకి స్టూలు కాళ్ళు అదురుతున్నాయి.

ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. సున్నా.

ఇశ్రాయేలు గారు స్టూలు తీసుకుని వెళ్ళిపోయారు.

జూలై 27, ఆదివారం

రెండు రోజులుగా వాన లేదు. అదే కారణం అయ్యుంటుంది.

జూలై 30, బుధవారం

వాన బాగా పడింది. సున్నా.

జూలై 31, గురువారం

జూన్ 8న రికార్డింగ్ పాడవలేదు. బాగానే వచ్చింది. హాలు పక్కన పెళ్ళి రోజు గుంట ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. నా ఇరవై రోజుల్లో నిజంగా పనికొచ్చే రోజు అదొక్కటే. దాన్ని నేనే లెక్కలోంచి తీసేశాను.

"పెళ్ళుంది కదా" అని ఆయన చెప్పారు కూడా. నేను రాసుకున్నాను కూడా.

ఆగస్టు 1, శుక్రవారం

మేడమ్‌కి చెప్పాను. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. మనం విన్నవన్నీ ముహూర్తాలు లేని రోజులే మేడమ్, లైట్లు లేవు, డీజే లేదు, రిపోర్టు మార్చాలి అన్నాను.

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మార్కులు వేసేశామన్నారు. కాలేజీ ముద్ర పడ్డ కాగితాన్ని పది రోజులకే తప్పంటే ఇంకోసారి ఎవరూ మన మొహం చూడరన్నారు. తను వచ్చే మార్చిలో రిటైరవుతున్నానన్నారు. ఆఖరికి, "నువ్వు అబద్ధం రాశావా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"విన్నదే రాశావు కదా. వినంది వచ్చే ఏడాది వేరే ప్రాజెక్టుగా ఎవరిచేతైనా చేయిద్దాం."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. దీపాలకీ వాద్యాలకీ బెదరక. నేను విన్న ఏ రోజున దీపం ఉంది? ఏ రోజున వాద్యం ఉంది? ఆ రెండు మాటలూ వినసొంపుగా ఉన్నాయని వేశాను. చెవికి ఇంపుగా ఉంటే చాలనుకున్నాను, కప్పల చెవి సంగతి రాస్తూ.

ఆగస్టు 5, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను. ఏడూ నలభైకి కరెంటు పోయింది. లైట్లు ఆరాయి, డీజే మధ్యలో తెగింది. హాల్లోంచి జనం ఈలలు వేశారు. జనరేటరు వాడు ఎక్కడికి పోయాడో, రాలేదు.

నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నిమిషంన్నరకి గట్టు కింద ఒక గొంతు. రెండు నిమిషాలకి నాలుగు. మూడో నిమిషానికి గుంటంతా. అంటే అవి ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాయి, రోజూ నోరు మూసుకుని. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి జనరేటరు లేచింది, లైట్లు వచ్చాయి. ఒక్కటి, నీళ్ళ మధ్యలో ఉన్నది, అరుపు సగంలో ఆపేసింది.

మొత్తం రికార్డు అయింది. లైట్లు ఆరడం, మొదటి గొంతు, ఆఖరి సగం గొంతు అన్నీ ఉన్నాయి. ఇశ్రాయేలు గారికి ఫోను చెవి దగ్గర పెట్టి వినిపించాను. ఆయన తలాడించారు.

"పద్దెనిమిదో తారీకు సోమారం విచారణంట. పంచాయితీ ఆఫీసులో. వచ్చి చెప్తావా?"

చెప్తానన్నాను.

ఆగస్టు 7, గురువారం

నాన్నకి చెప్పాను. చీరలు మడత పెడుతూ విన్నారు. రేపు వరలక్ష్మీ వ్రతం, కొట్టునిండా జనం. "పెళ్ళిళ్ళు వద్దని చెప్పడానికి మనమే వెళ్ళాలా? నీ చదువు దేంట్లోంచి వచ్చిందనుకుంటున్నావు?" అన్నారు.

పెళ్ళిళ్ళు వద్దనడం లేదు, లైటు ఇటు తిప్పమంటున్నారు అంతే అన్నాను.

"ఆ గుంట దగ్గర నేనూ ఉన్నానుగా. ఆషాఢం కాబట్టి ఖాళీగా ఉన్నానని రోజూ అంటూనే ఉన్నాను. నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు" అని, చీర మడత పూర్తి చేసి, "వెళ్ళు. నేను మాత్రం రాలేను" అన్నారు.

ఆగస్టు 18, సోమవారం

అయిపోయింది. వరసగా రాస్తాను.

పంచాయితీ ఆఫీసులో ఆఫీసరు గారు మధ్యలో, కిరణ్‌కుమార్ గారు ఒక పక్క, ఇశ్రాయేలు గారు ఒక పక్క. ఆయన చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చారు. వెనక ఊళ్ళోవాళ్ళు పదిహేను మంది. మేడమ్ రాలేదు, ఒంట్లో బాగోలేదని కబురు పంపారు.

కిరణ్‌కుమార్ గారు నా రిపోర్టు ఆఖరి పేరా పైకి చదివారు. చక్కగా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి చదివారు. నా వాక్యం అంత బాగా ఇంకెవరూ చదవలేదు. ఆఫీసరు గారు, బాగా రాశావమ్మా అన్నారు.

నేను లేచి, అది తప్పండీ అన్నాను. నేను విన్నది మూఢంలోనూ ఆషాఢంలోనూ, హాలు మూసి ఉన్న రోజుల్లో అని చెప్పాను.

వెనక నుంచి ఎవరో, "కప్పలకి కూడా మూఢం పట్టిద్దా ఏందమ్మాయ్" అన్నారు. అందరూ నవ్వారు. ఆఫీసరు గారూ నవ్వి, నవ్వు దాచుకుని, రిపోర్టు తిరగేశారు.

"ఆషాఢంలో చేశామని ఇందులో ఎక్కడైనా రాశారా?"

"తేదీలు ఉన్నాయండీ."

"తేదీలు కాదమ్మా. హాలు మూసి ఉందని, లైట్లు లేవని?"

"లేదండీ."

"ఎందుకు రాయలేదు?"

ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. మా ఇంట్లో అయితే అన్నం ముద్ద ముద్దకీ తెలుసు. అందరికీ తెలిసింది కాబట్టి రాయాలనిపించలేదు. ఆ ఆఫీసరు గారికీ తెలుసు. కిరణ్‌కుమార్ గారికి అందరికంటే ముందు తెలుసు.

ఫోను తీసి కరెంటు పోయిన రోజు రికార్డింగ్ పెట్టాను. పైన ఫ్యాను చప్పుడు. డీజే వినిపించింది, ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కప్పలు. ఆఫీసరు గారు ముందుకు వంగి విన్నారు.

"ఇది ఎప్పటిది?"

"ఆగస్టు ఐదు అండీ. పెళ్ళి రోజు."

"పెళ్ళి రోజు కప్పలు అరుస్తున్నాయి కదా మరి."

"కరెంటు పోయినప్పుడు మాత్రమేనండీ. లైట్లు రాగానే..."

"ఉన్నాయా లేవా?"

"ఉన్నాయండీ, కానీ..."

"ఉన్నాయి. రాసుకోండి" అని పక్కన కూర్చున్న గుమస్తాతో అన్నారు.

వరి ఈనకపోవడం వ్యవసాయ శాఖ చూసుకోవాల్సిన సంగతని, ఇక్కడికి వచ్చింది కప్పల అర్జీ మాత్రమేనని చెప్పి మూసేశారు. ఇరవై నిమిషాలు పట్టింది.

బయట ఇశ్రాయేలు గారు చెప్పులు వేసుకుంటున్నారు. పక్కన నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండానే అన్నారు.

"పెళ్ళిళ్ళప్పుడు వస్తానన్నావు కదమ్మా."

"వచ్చాను బాబాయ్."

"రాసినాక వచ్చావు."

ఆగస్టు 19, మంగళవారం

ఏమీ రాయాలని లేదు.

సెప్టెంబరు 20, శనివారం

ఫ్రెషర్స్ డే ఆ హాల్లోనే పెట్టారు. కాలేజీకి ఊరికే ఇచ్చారట. నా రిపోర్టుకి ఉత్తమ ప్రాజెక్టు బహుమతి. వేదిక మీద కిరణ్‌కుమార్ గారే శాలువా కప్పారు. వద్దనాలనుకున్నాను. చేతులు ముందుకు చాచి తీసుకున్నాను.

డీజే మొదలయ్యాక బాత్రూముకని వెళ్ళి వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. గుంట తెల్లగా ఉంది. వినడానికి ప్రయత్నించలేదు.

అక్టోబరు 19, ఆదివారం

బస్సులో కంకిపాడు దాటి ముందుకి పోతూ చూశాను. కాలువకి రెండు పక్కలా వరి ఈనింది. ఇశ్రాయేలు గారి పొలం ఎకరంన్నర వంగి ఉంది. గోడ పక్క అర ఎకరం మాత్రం కంకి లేకుండా నిటారుగా, ముదురు ఆకుపచ్చగా ఉంది. ఏమీ తెలియని వాళ్ళు చూస్తే అదే బాగుందనుకుంటారు. హాలు వాళ్ళు అటువైపు కొత్త లాన్ వేస్తున్నారు. పెళ్ళి లేని రోజు కూడా పని కోసం లైట్లు వెలుగుతూనే ఉంటున్నాయట.

దిగలేదు.

నవంబరు 9, ఆదివారం

మధ్యాహ్నం ఇశ్రాయేలు గారు కొట్టుకి వచ్చారు. కార్తీకం ముహూర్తాలు, కాలు పెట్టడానికి చోటు లేదు. నాన్న ఆయన్ని లోపలికి పిలిచి, బేళ్ళ మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్ళు నేనే ఇచ్చాను. విచారణ తర్వాత ఆయన్ని చూడటం ఇదే.

అర ఎకరం పచ్చగడ్డి కింద కోసి గేదెలకి వేశానని చెప్పారు. పొలం ఆసామి భూమి హాలు వాళ్ళకి ఇచ్చేస్తున్నాడట, లాన్ కోసం. కౌలు కార్డు ఉంది కాబట్టి, వదిలేస్తున్నట్టు ఈయన దగ్గర కాగితం కావాలన్నాడట.

"రాసిపెడతావా అమ్మా? నీ రాత బాగుంటదంటగా."

ఆ మాటలో ఏమైనా ఉందేమోనని మొహం చూశాను. ఏమీ లేదు. ఆయనకి నిజంగానే కాగితం కావాలి.

బల్ల మీద బట్టల కట్ట పక్కకి జరిపి రాయడం మొదలుపెట్టాను. ఫలానా సర్వే నంబరు, ఫలానా విస్తీర్ణం. ఎందుకు వదులుతున్నారో దగ్గరికి వచ్చేసరికి, హాలు లైట్ల వల్ల పంట ఈనక, అని రాశాను. ఆయన వేలితో ఆపారు.

"అది కాదమ్మా. నా ఇష్టపూర్వకంగా అని ఉండాలంట. ఆ మాట తప్పకుండా ఉండాలన్నాడు."

"అది అబద్ధం బాబాయ్. నేను రాయను."

"అట్టా రాస్తే తీసుకోడు. మిగతా ఎకరంన్నర కోత కోసుకోనివ్వడు." ఆయన గొంతు పెంచలేదు. కొట్టులో ఇంతమంది ఉన్నారని కాబోలు, ఇంకా తగ్గించారు. "పిల్లలు ఆ గింజల మీదే ఉన్నారు. రాయమ్మా."

నాన్న చేతిలో కత్తెర పట్టుకుని మావైపే చూస్తున్నారు.

ఇంకో కాగితం తీసుకున్నాను. నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, అని రాశాను. బలవంతం లేదన్న రెండో మాట ఆయన అడగలేదు. అలాంటి కాగితాల్లో ఉండేదే కదా అని చెయ్యి దానంతటదే రాసింది.

ఆయన కాగితం అందుకుని వరస కింద వేలు పెట్టి చదివారు, బైబిలు చదివేవాళ్ళు చదివినట్టు, పెదవులు కదుపుతూ. ఆ రెండో మాట దగ్గర వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ముందుకి పోయింది. పెన్ను అడిగి సంతకం చేశారు.

కింద సాక్షి అన్న చోట ఖాళీ ఉంది. నాన్న కొనేవాళ్ళ వైపు తిరిగిపోయారు. నేను సంతకం చేశాను.